పదమూడు చారల సీలింగు



కార్యవర్గం వారు నన్ను మాట్లాడమన్నప్పుడు కృత్రిమ మేధ గురించో, ఉద్యోగాల భవిష్యత్తు గురించో చెబుతానని అనుకుని ఉంటారు. ఆ రెండింటి గురించి మీ ఇంట్లో పిల్లలకి నాకంటే బాగా తెలుసు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు, ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది సాఫ్ట్‌వేరు. ఈ రెండింటితో సంబంధం లేని ఒక పని మాత్రం నాకు కాస్త వచ్చు. ఇంటి గోడలకి, సీలింగుకి నునుపుగా రంగు వేయడం. ఆ పని నేర్చుకున్న కథే ఈ ప్రసంగం. నవ్వండి, ఫరవాలేదు. సింగపూరులో దీపావళికి నెల ముందు మీరే ఫోన్ చేస్తారు.

మా నాన్నగారు రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల పనిచేసి రిటైరయ్యారు. 2018లో అమ్మ పోయింది. నాన్నగారిని ఒక్కరినీ ఊళ్ళో ఉంచలేక, మరుసటి ఏడాది జనవరిలో మా దగ్గరకు తెచ్చుకుందామని నిర్ణయించాం. మాది జురాంగ్ వెస్టులో హెచ్.డి.బి. ఫ్లాటు, ఎవరో ఇరవై ఏళ్ళు కాపురం చేసి అమ్మితే కొన్నది. స్టోరు రూములా వాడుతున్న పడమటి గదిని నాన్నగారి కోసం ఖాళీ చేశాం. గోడల నిండా మరకలు, సీలింగు పసుపు రంగుకి తిరిగింది. కంట్రాక్టరు చెప్పిన ధర విని మా ఆవిడ నా వైపు చూసింది. ఇంజనీరింగు చదివినవాడిని, రంగు వేయలేనా అన్నాను. ఈ ఒక్క మాట వల్ల మన ఇళ్ళలో ఎన్ని కుళాయిలు కారుతున్నాయో మీకు తెలుసు.

ఒక శనివారం పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రానికి ముగించాను. గోడల మీద పాత కాగితాలు అంటించిన గుర్తులు ఉంటే వాటి మీదే వేశాను. ఉక్కగా ఉందని సీలింగు ఫ్యాను నిదానంగా తిప్పుతూ, ఆ ఫ్యాను చుట్టూనే రోలరు తిప్పాను. మధ్యలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చి, ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. రాత్రి ట్యూబులైటు వేసి చూస్తే తెల్లగా, ముచ్చటగా ఉంది. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. యాభై మంది చప్పట్లు కొట్టారు.

నాన్నగారు వచ్చిన నెల తిరక్కుండానే బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది కానీ, ఇంటికి వచ్చాక చాలా వారాలపాటు ఎక్కువ సమయం వెల్లకిలా పడుకోవలసి వచ్చింది. వెల్లకిలా పడుకున్న మనిషికి ఇల్లంటే సీలింగే. ఈ సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఒకరోజు ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. సాయంత్రం ఐదు అవుతోంది. నాన్నగారు పైకి చూస్తూ అడిగారు.

"ఏరా, నీ రోలరు తొమ్మిదంగుళాలదా?"

"అవును నాన్నా. ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? గది పదడుగులు. చారలు పదమూడు. లెక్క సరిపోయింది."

నేను తలెత్తి చూశాను. కిటికీలోంచి వాలుగా వస్తున్న ఎండలో సీలింగు మీద పదమూడు చారలు, దుక్కి దున్నిన చేనులాగా. నేను ఫోన్ మాట్లాడి వచ్చిన చోట ఒక వెడల్పాటి పట్టీ. అంచుల వెంబడి కుంచెతో వేసిన చోట ఫోటో ఫ్రేములా ఇంకో పట్టీ. పొద్దున్న కనపడవు, రాత్రి కనపడవు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మాత్రం వేరే ఏమీ కనపడదు. నాన్నగారు ఆ రెండు గంటలూ రోజూ వాటినే చూస్తున్నారు. "అమ్మ ఉంటే నిన్ను వెనకేసుకొచ్చేది" అన్నారు. అమ్మ పోయాక ఆయన ఆమె మాట ఎత్తడం అదే మొదలు. అందుకే ఆ చారల్ని అలా వదిలేయలేకపోయాను.

ఆ ఆదివారం సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళినప్పుడు, అక్కడ పరిచయమైన ఒక జగిత్యాల తమ్ముడితో ఈ మాట అన్నాను. అతను ఇక్కడ భవన నిర్మాణంలో పెయింటింగు పని చేస్తాడు. అతని పర్మిటు మీద బయట పని చేయకూడదు, నేనూ అడగకూడదు. అందుకని భోజనానికి పిలిచాను, అతను వచ్చాడు. మూడు గంటలు కూర్చున్నాడు కానీ కుంచె ముట్టలేదు. నాన్నగారి మంచం పక్కన స్టూలు వేసుకుని, నా సెల్‌ఫోను తీసుకుని, దాని టార్చి వెలిగించి గోడకు ఆనించి పట్టాడు. గోడ మీద కొండలూ లోయలూ బయటపడ్డాయి.

"అన్నా, నువ్వు రంగేసినవ్ గని, గోడను సూడలే" అన్నాడు.

నాన్నగారు మంచం మీద నుంచే "అద్దీ!" అన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు, నేను కూలివాణ్ణి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ఒక లీటరు రంగు ఒక పూతలో సుమారు పది చదరపు మీటర్లకి వస్తుంది. అంటే తడిగా ఉన్నప్పుడు ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు. అందులో నీళ్ళు ఆరిపోయాక మిగిలేది ముప్పై, నలభై మైక్రాన్లు, మన తల వెంట్రుకలో సగం మందం. అరమిల్లీమీటరు గుంతని సగం వెంట్రుక మందం పొర ఎలా పూడుస్తుంది? పది పూతలు వేసినా పూడ్చదు. నునుపు రంగు డబ్బాలో దొరకదు, రంగుకి ముందే గోడ మీద ఉండాలి. ఈ లెక్క ఇంజనీరింగు చదివిన నాకు తట్టలేదు. జగిత్యాల తమ్ముడికి ఈ లెక్క తెలియదు, సంగతి మాత్రం తెలుసు.

అలా పని మళ్ళీ మొదలైంది. ఈసారి మూడు వారాంతాలు పట్టింది. నాన్నగారిని హాల్లో పడుకోబెట్టాం. తలుపు తీసి ఉంచమనేవారు, పర్యవేక్షణ కోసం.

మొదటి వారాంతం అంతా రంగు డబ్బా మూత తీయలేదు. గోడ మీద అరచేత్తో రుద్ది చూడమన్నాడు తమ్ముడు. చేతికి తెల్లటి పొడి అంటితే పాత రంగు పట్టు వదిలేసిందని అర్థం. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ పొడిని పట్టుకునే ఊడి వస్తుంది. మన ఊళ్ళలో సున్నం వేసిన గోడల మీద నేరుగా ప్లాస్టిక్ పెయింటు వేసినవాళ్ళకి ఇది అనుభవమే. కడగాలి, ఆరనివ్వాలి, సీలరు పట్టించాలి. మూలల్లో నల్లటి బూజు ఉంటే, సింగపూరులో ఉంటుంది, గాలిలో తేమ సగటున ఎనభై శాతం పైనే కదా, దాన్ని నీళ్ళు కలిపిన బ్లీచుతో తుడిచి చంపాలి. రంగు కింద బూజు బతికే ఉంటే మళ్ళీ పైకి వస్తుంది.

తర్వాత టార్చి. గోడకు ఆనించి పట్టుకుని, నీడ పడిన ప్రతిచోటా పెన్సిలుతో గుండ్రంగా గీశాను. పెన్సిలే, బాల్‌పెన్ను కాదు. ఆ సిరా తెల్లరంగు రెండు పూతల్లోంచి కూడా పైకి వస్తుందని నాన్నగారు ముందే హెచ్చరించారు, ఆయన ఏదో స్కూలు బిల్డింగులో నేర్చుకున్న పాఠమట. ఒక్క ఉత్తరపు గోడ మీదే నలభై ఒక్క సున్నాలు వచ్చాయి.

సీలింగుకి, రెండు గోడలకి పుట్టీ పూర్తిగా పట్టించాల్సి వచ్చింది. దీన్నే ఇక్కడివాళ్ళు స్కిమ్ కోటు అంటారు. నా తొందర మళ్ళీ ఇక్కడ బయటపడింది. ఒక్కసారే మందంగా మెత్తేసి, తర్వాత తోమి సరిచేద్దామనుకున్నాను. మందంగా వేసింది పైన ఆరి లోపల ఆరక బీటలు వేసింది. ఆ చోటంతా గోకించి మళ్ళీ వేయించారు ఇద్దరూ. వెడల్పాటి రేకు పట్టుకుని, కాగితమంత పలచగా, ఒకటి ఆరాక రెండోది అడ్డంగా, అవసరమైతే మూడోది. చేయి వాలు మారకూడదు. రేకు అంచుకి ఎండిన పలుకు ఒక్కటి అంటుకున్నా గోడ పొడుగునా గీత పడుతుంది.

ఆరాక ఉప్పు కాగితం. ముందు 180 నంబరు, ఆపైన 240. మాస్కు లేకుండా ఈ పని చేయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మరీ పాత ఇళ్ళలో, ముఖ్యంగా మన ఊళ్ళో పాత ఎనామిల్ పూసిన తలుపులూ కిటికీల దగ్గర, అసలు పొడిగా తోమవద్దు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలకి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచీ, సింగపూరులో 2022 జనవరి నుంచీ అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పొరల్లో ఏముందో ఎవరికెరుక? చంటిపిల్లలున్న ఇంట్లో తడిపి తోమండి, తుడిచిన గుడ్డ పారేయండి. ఇంటి లోపలి రంగుల్లో ఫార్మాల్డిహైడ్ 0.01 శాతం దాటకూడదని కూడా సింగపూరులో 2026 జనవరి నుంచి నిబంధన ఉంది. కొత్త రంగు వాసన బాగుంటుందని పీల్చేవాళ్ళకి ఈ వార్త.

తోమాక దుమ్ము తుడిచి ప్రైమరు వేశాను. దీన్ని చాలామంది ఎగ్గొడతారు. పుట్టీ వేసిన చోట రంగులోని నీటిని గటగటా తాగేస్తుంది, పాత రంగు ఉన్న చోట తాగదు. అలా తాగిన చోట, తాగని చోట మెరుపు వేరుగా కనిపించి గోడ మచ్చలు మచ్చలుగా తేలుతుంది. ప్రైమరు ఈ దాహాన్ని అంతటా ఒకటి చేస్తుంది. ప్రైమరు ఆరాక మళ్ళీ టార్చి పట్టాను. ఒకే తెలుపు పడ్డాక అంతకు ముందు దాక్కున్నవి ఇంకో పన్నెండు బయటపడ్డాయి. అక్కడ కూర్చుని ఏడ్చినంత పని చేశాను. మా ఆవిడ కాఫీ ఇచ్చి, "మీ ప్రోగ్రాముల్లో బగ్గులు దొరికితే సంబరపడతారుగా, ఇదీ అంతే అనుకోండి" అంది.

ఇక రంగు వేయడం. ఇన్నాళ్ళూ ఇదే పని అనుకున్నాను, నిజానికి ఇది చివరి నాలుగు గంటల ముచ్చట. సీలింగుకి మెరుపు లేని మ్యాటు రంగు తీసుకున్నాను. మెరుపు ఎంత ఎక్కువుంటే తప్పు అంత బాగా కనపడుతుంది. రెండు డబ్బాల రంగూ ఒక బకెట్టులో కలిపేశాను, రెంటికీ రవ్వంత తేడా ఉన్నా గోడ మధ్యలో బయటపడకుండా. పలచటి గుడ్డలో వడకట్టాను. కొత్త రోలరు బొచ్చు మీద జిగురు టేపు అద్ది ఊడే నూగంతా తీసేశాను. స్పాంజి రోలరు వద్దన్నాడు తమ్ముడు, బుడగలు కట్టి చిన్న చిన్న గుంటలు పడతాయట. పొట్టి బొచ్చు మైక్రోఫైబరు రోలరు కొన్నాను. నీళ్ళు డబ్బా మీద రాసినంతే కలిపాను.

అన్నిటికంటే ముఖ్యం తడి అంచు. వేసిన పట్టీ అంచు ఆరకముందే పక్క పట్టీ దాన్ని కలుపుకోవాలి. ఆరిన అంచు మీదకి ఎక్కితే అక్కడ రెండు పొరలు పడి చార తేలుతుంది. నా పదమూడు చారల రహస్యం అదే. ఫ్యాను గాలి అంచుల్ని ముందే ఆర్పేసింది. ఈసారి ఫ్యాను కట్టేసి, కర్టెను వేసి, మబ్బు పట్టిన పొద్దున్న మొదలుపెట్టాను. సింగపూరు తేమని తిట్టుకునే మనకు, అది రంగు నెమ్మదిగా ఆరనిచ్చి పనివాడికి సాయం చేస్తుందని తెలియదు. రెండో పూతకి మాత్రం అదే తేమ వల్ల డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువసేపు ఆగాలి. అంచుల్లో కుంచెతో ఒక మీటరు వేసి, అది తడిగా ఉండగానే రోలరుతో కలుపుకుంటూ పోయాను. చివరి పూతలో రోలరు కిటికీ నుంచి లోపలికి, వెలుగు వచ్చే దారిలోనే నడిచింది. మొదటిసారి నేను వెలుగుకి అడ్డంగా లాగాను, ప్రతి అంచూ నీడ వేసింది.

ఇంకొక్కటి. సగం ఆరిన చోట చిన్న లోపం కనపడితే చెయ్యి పెట్టకూడదు. నేను పెట్టాను. ఫ్యాను పక్కన. హాల్లోంచి నాన్నగారు "ఒరేయ్!" అన్నారు కానీ అప్పటికే రోలరు ఆనింది.

నాన్నగారికి సున్నం పని తెలుసు, ప్లాస్టిక్ రంగు మీద గౌరవం లేదు. సంక్రాంతికి ముందు మా ఊళ్ళో వెల్ల వేసేటప్పుడు ఆయనే నీలిమందు పాళ్ళు చూసేవారు. సున్నం తడిగా ఉన్నప్పుడు ఏమీ పడనట్టే ఉంటుంది, ఆరుతున్నకొద్దీ తెలుపు తేలుతుంది, అందుకని తొందరపడి రెండోసారి పూయకూడదు అనేవారు. పాత భవనాల్లో గానుగ సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి, అద్దంలా పాలిషు పట్టేవారని చెప్పేవారు. అలాంటి గోడ ఇక్కడ ఉందా అని అడిగారు.

ఉంది. చక్రాల కుర్చీలో కూర్చునే స్థితికి రాగానే సిటీ హాలు దగ్గర సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రలుకి తీసుకువెళ్ళాను. మొదట అక్కడున్న చర్చి మీద 1845లోనూ 1849లోనూ పిడుగులు పడ్డాయి, 1855లో దాన్ని కూల్చేశారు. ఇప్పుడున్నది 1856లో మొదలై 1862లో ప్రతిష్ఠ అయింది. పని నడిపిన ఇంజనీరు మాక్‌ఫర్సన్, ఇక్కడి మాక్‌ఫర్సన్ రోడ్డు ఆయన పేరే. కట్టింది మాత్రం ఇండియా నుంచి ఓడల్లో తెచ్చిన ఖైదీలు. 1825 నుంచి 1873 దాకా ఈ ఊరి రోడ్లూ భవనాలూ ఎన్నో వాళ్ళ చేతుల మీదుగా లేచాయి. వాళ్ళలో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళూ ఉన్నారు. ప్రెసిడెన్సీ అంటే గంజాం నుంచి తిరునల్వేలి దాకా, మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అందులోవే.

ఆ ఖైదీలకి అధికారిగా పనిచేసిన మాక్‌నెయిర్ 1899లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఈ కెథెడ్రలు లోపలి గోడలకి వాడిన మద్రాసు సున్నం వివరం అందులో ఉంది. ఇసుక లేకుండా గవ్వ సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి ముద్దగా నూరి, కొబ్బరి డొప్పలు నానబెట్టిన నీళ్ళు పోసి పలచన చేశారట. గోడకు పూసి, కొంత ఆరాక, స్ఫటికపు రాయితోనో గుండ్రటి నున్నటి రాయితోనో, మధ్యమధ్య మెత్తటి బలపపు పొడి చల్లుకుంటూ, మెరుపు వచ్చేదాకా రుద్దారట. ఉప్పు కాగితం లేదు, మైక్రోఫైబరు రోలరు లేదు.

అది చదివి వినిపించాను. నాన్నగారు చాలాసేపు ఆ స్తంభాల వైపు చూశారు. "ఇది మన గచ్చేరా" అన్నారు. కాసేపాగి, "రోజుకి ఎన్ని అడుగులు రుద్దించేవాళ్ళో, కాళ్ళకి గొలుసులుండేవో ఏమో" అన్నారు. వర్క్ ఇన్‌స్పెక్టరు కదా, మేజర్‌మెంటు బుక్కు లేకుండా ఆలోచించలేరు. ఎంఆర్‌టీలో ఇంటికి వస్తూ దారంతా ఒక చదరపు గజానికి ఎన్ని గుడ్లు పట్టి ఉంటాయో లెక్క వేస్తూనే ఉన్నారు.

గది పూర్తయ్యాక ఆయన్ని మళ్ళీ పడమటి గదిలోకి మార్చిన రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. నాలుగున్నర అయింది. కర్టెను నేనే తీశాను. ఎండ సీలింగు మీద పడింది. నాన్నగారు ఈ మూల నుంచి ఆ మూల దాకా కళ్ళతో నడిచారు. ఆ రెండు నిమిషాలు నా ఇంజనీరింగు వైవాకి కూడా అంత భయపడలేదు.

"ఫ్యాను పక్కన ఒకటుంది" అన్నారు.

"ఉంది నాన్నా."

"ఉండనీలే. బిల్లు పాస్ చేస్తాను" అన్నారు.

నాన్నగారు 2022లో వెళ్ళిపోయారు. జగిత్యాల తమ్ముడు అంతకు ముందే ఊరికి తిరిగి వెళ్ళి, అక్కడే సొంతంగా పెయింటింగు పనులు పట్టుకుంటున్నాడు. పండక్కి ఫోన్ చేస్తే "అన్నా, టార్చి వట్టి సూస్తున్నవా?" అని అడుగుతాడు. ఆ గది ఇప్పుడు మా అబ్బాయిది. పోయిన డిసెంబరు సెలవుల్లో వాడికి నచ్చిన రంగు మళ్ళీ వేశాం. వాడు సీలింగు వేశాడు, నేను నిచ్చెన పట్టుకున్నాను. పని అయ్యాక వాడే ఫోన్ టార్చి వెలిగించి సీలింగుకి ఆనించి వెతికాడు. పదకొండు చోట్ల తప్పులున్నాయన్నాడు. అందులో ఆరు నేను ఒప్పుకున్నాను. మిగతా ఐదింటి గురించి ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది.

పుట్టీ గురించి ప్రశ్నలుంటే భోజనాల దగ్గర కలవండి.